ఆ పదమూడేళ్లూ ఎక్కడున్నారు?

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన రేడియో ప్రసంగం)



వంటిల్లు సర్దుకుని, కాస్త నడుం వాలుద్దామా, రేడియో పెట్టుకుందామా అని ఆలోచించే ఈ వేళప్పుడు మీకు ఉద్యోగాల గొడవ ఎందుకంటారేమో. ఎందుకంటే ఈ రోజుల్లో ఉద్యోగం వెతుక్కునే మనిషి లేని ఇల్లంటూ లేదు. కొడుకో, కూతురో, కొత్తగా వచ్చిన కోడలో. కాకపోతే మీరే. నా మటుకు నేనే వెతుక్కున్నాను, నలభై మూడో ఏట. అందులో పడిన పాట్లూ, ఆ తర్వాత ఆఫీసులో పడుతున్న పాట్లూ, మధ్యలో నా చేతులారా చేసిన ఒక పొరపాటూ మీతో చెప్పుకుందామని వచ్చాను.

నేను బి.కాం. చదివాను. 2003 నుంచి 2010 దాకా సికింద్రాబాదులో ఒక చిన్న సంస్థలో లెక్కలు రాసేదాన్ని. రెండోవాడు పుట్టిన ఏడాదే మా అత్తగారికి పక్షవాతం వచ్చింది. ఇంట్లో ఎవరో ఒకరు ఉండి తీరాలి. ఎవరుండాలి అన్న చర్చ మా ఇంట్లో జరగలేదు. మీ ఇంట్లోనూ జరిగి ఉండదు లెండి. ఆయన జీతం ఎక్కువ, నా జీతం తక్కువ, అంతే. ఒక సోమవారం నాడు రాజీనామా కాగితం ఇచ్చేసి వచ్చాను. అత్తగారు పదకొండేళ్లు మంచాన ఉండి 2021లో పోయారు. పెద్దమ్మాయి ఇంజనీరింగులో చేరింది. చేతికి కాస్త తీరికా, చేతిలో చాలని డబ్బూ రెండూ ఒకేసారి కనబడ్డాయి. 2023లో, పోనీ మళ్లీ ఉద్యోగం చూసుకుందాం అనుకున్నాను.

మా నాన్నగారి కాలంలో ఉద్యోగ ప్రయత్నమంటే ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజి. పేరు నమోదు చేయించుకుని ఒక కార్డు తెచ్చుకునేవాళ్లు. గడువు దాటకుండా దాన్ని రెన్యువల్ చేయించుకోవడం ఒక వ్రతం. పెద్ద సంస్థలు తమ దగ్గరి ఖాళీల సంగతి ఆ ఆఫీసుకు తెలియజేయాలని 1959లో చట్టమే చేశారు. పోస్టల్ ఆర్డరు కొని, దరఖాస్తు రిజిస్టరు చేసి, కాల్ లెటరు కోసం పోస్టుమాను దారి కాసేవాళ్లు. ఆ రోజులు బంగారు రోజులని నేననను. నిరుద్యోగుల అవస్థ ఎలా ఉండేదో 1981లో వచ్చిన 'ఆకలి రాజ్యం' సినిమా చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. కానీ ఒక్క మర్యాద ఉండేది. ఉద్యోగం ఇవ్వకపోతే, ఇవ్వలేదని ఉత్తరం రాసే ఆఫీసులుండేవి. రిగ్రెట్ లెటరు అనేవాళ్లు. మా నాన్నగారు అలాంటివి తొమ్మిది ఒక అట్ట ఫైలులో దాచారు. ఎందుకు నాన్నా ఇవి అంటే, "మన కాగితం ఎవరో ఒకరు చదివారనడానికి సాక్ష్యం" అనేవారు.

నాకు సాక్ష్యాలు దొరకలేదు.

ఇప్పుడు దరఖాస్తు కంప్యూటరులో పెట్టాలి. మా అమ్మాయి పక్కన కూర్చుని నా చేత ఒక వెబ్‌సైటులో ఫారం నింపించింది. పేరు, ఊరు, చదువు సులువుగానే అయిపోయాయి. తర్వాత అనుభవం. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏ సంస్థ, ఏ హోదా. 2010 దాకా రాశాను. ఆ తర్వాత గడి ఖాళీ. ఖాళీగా వదిలితే అది ముందుకు కదలదు, ఎర్రగా గీత గీసి చూపిస్తుంది. "అమ్మా, ఇంట్లో ఉన్నానని రాస్తే ఒప్పుకోదే!" అంది మా అమ్మాయి. చివరికి 'కెరీర్ గ్యాప్' అని రాశాం. గ్యాప్ అంటే సందు. గోడలో ఇటుక ఊడిపోతే కనబడేది. అత్తగారికి నీళ్లు పోసిన చేతులతో నేనే ఆ మాట టైపు చేశాను చూడండి, అది నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఈ మధ్య కొన్నిచోట్ల మర్యాదగానే అడుగుతున్నారట. లింక్డ్‌ఇన్ అనే ఉద్యోగాల వేదికలో 2022 నుంచి ఇలాంటి విరామాన్ని విడిగా రాసుకునే వీలు పెట్టారు. పిల్లల పెంపకం, ఇంట్లో రోగి సేవ, అయినవాళ్లు పోవడం, ఇలా కారణం కూడా ఎంచుకోవచ్చు. మంచిదే. అయితే చదివే మనిషి ఏమనుకుంటాడన్నది వేరే సంగతి.

అసలు ముందుగా చదివేది మనిషి కాదని కూడా అప్పుడే తెలిసింది. చాలా కంపెనీల్లో దరఖాస్తుల్ని మొదట కంప్యూటరే జల్లెడ పడుతుంది. ప్రకటనలో వాళ్లు ఏ మాట వాడారో ఆ మాట మన కాగితంలో ఉందా లేదా అని చూస్తుంది. నేను రోజుల తరబడి 'అకౌంట్లు రాయడం' అని రాశాను. వాళ్ల ప్రకటనలో ఉన్న మాట 'టాలీ ప్రైమ్'. నేను నేర్చుకున్నది పాత టాలీ. ఇంకో సంగతి, కాగితాన్ని రెండు వరసలుగా విడగొట్టి, గళ్లు గీసి, రంగులు పూసి ముస్తాబు చేస్తే ఆ యంత్రం ఒక్కోసారి ముందుది వెనక్కీ వెనకది ముందుకీ చదువుతుందట. మీ పిల్లలు అలాంటి రంగుల కాగితం తయారు చేస్తుంటే ఈ మాట ఒకసారి వాళ్ల చెవిన వేయండి. సాదాగా, ఒకే వరసలో, ఉన్నదున్నట్టు రాయమనండి.

మొత్తం అరవై ఒక్క చోట్లకు పంపాను. ఒక నోటుపుస్తకంలో తేదీ వేసి రాసుకునేదాన్ని, పాలవాడి లెక్కలాగా. అందులో నాలుగు చోట్ల నుంచే జవాబు వచ్చింది. ఒకటైతే రాత్రి రెండు దాటాక వచ్చింది. ఆ వేళప్పుడు నా కాగితం ముందేసుకుని కూర్చున్న మహానుభావుడెవరా అనుకున్నాను. ఎవరూ లేరు, మిషను. మిగతా యాభై ఏడు చోట్లా మౌనం. కాదంటే ఒకపూట ఏడ్చి ఊరుకుంటాం. ఏమీ చెప్పకపోతే ఫోను చేతిలో పెట్టుకుని రోజుకు పాతికసార్లు చూసుకుంటాం. ఫోను మోగిందని పరుగెత్తుకొస్తే గ్యాసు బుక్ చేసిన కబురో, బ్యాంకువాళ్ల అప్పు ప్రకటనో.

మా ఎదురింటి అబ్బాయిదీ ఇదే కథ. ఇంజనీరింగు ప్యాసై రెండేళ్లయింది. అనుభవం ఉన్నవాళ్లే కావాలంటారు. ఉద్యోగం ఇవ్వందే అనుభవం ఎక్కణ్ణుంచి వస్తుందని వాడి ప్రశ్న. నా తంటా దానికి తలకిందులు. అనుభవం ఉంది, అది పాతబడిందంటారు. వాళ్లమ్మ పొద్దున్నే కాఫీ గ్లాసుతో పాటు "ఏరా, ఏమైనా వచ్చిందా?" అనే ప్రశ్న కూడా అందిస్తుంది. ఆవిడ ప్రేమతోనే అడుగుతుంది. నేనూ ఆ వెతుకులాటలో పడక ముందు వాణ్ణి అలాగే అడిగేదాన్ని. మా వారు నన్ను వరసగా మూడు రోజులు "ఏమైంది?" అని అడిగాక గాని ఆ మాట ఎలా తగులుతుందో నాకు తెలిసిరాలేదు. వస్తే వాడే అరుచుకుంటూ వచ్చి చెబుతాడు కదమ్మా, అడగడం దేనికి?

ఇంతలో నాకూ ఒక ఉద్యోగం వచ్చింది! ఇంట్లో కూర్చుని, రోజుకు రెండు గంటల పని, మూడు వేల రూపాయలు. వాట్సాప్‌లో కబురు. వీడియోలకు 'లైక్' కొట్టడమే పని అన్నారు. కొట్టాను. నూట యాభై రూపాయలు నిజంగానే ఖాతాలో పడ్డాయి. మర్నాడు మరో రెండొందలు. మూడోనాడు, పెద్ద పని కావాలంటే ముందుగా ఐదు వేలు కట్టండి, ఏడు వేలై తిరిగొస్తాయి అన్నారు. లెక్కలు రాసిన బుద్ధి అక్కడ కాస్త మేలుకుంది. జీతం ఇచ్చేవాడు మన దగ్గర డబ్బెందుకు అడుగుతాడు? అక్కడితో ఆపేశాను. మా కింది పోర్షనులో ఉండే అమ్మాయి ఆపలేదు. ఐదు వేలు కట్టింది, అవి రావాలంటే పది కట్టమన్నారు, అవీ కట్టింది. భర్తకు చెప్పడానికి భయపడి నాలుగు రోజులు దాచింది. ఆ నాలుగు రోజులే ఆమెను ముంచాయి. ఇలాంటి మోసం జరిగిందని తెలిసిన నిమిషంలో 1930 అనే నంబరుకు ఫోను చేయాలి. ఎంత తొందరగా చెబితే, ఆ డబ్బు చేతులు మారక ముందే బ్యాంకులో ఆపేందుకు అంత వీలుంటుంది. ఈ నంబరు కాలెండరు మీద రాసి పెట్టుకోండి. రిజిస్ట్రేషను ఫీజనీ, ట్రైనింగు డిపాజిట్టనీ, లాప్‌టాప్ ఖర్చనీ, పేరేదైనా సరే, ఉద్యోగమిస్తామంటూ ముందుగా డబ్బడిగితే అది ఉద్యోగం కాదు.

సరే, ఇంటర్వ్యూల సంగతి. మొదటిది ఫోనులోనే, మొహం కనబడేలా. బియ్యం డబ్బా మీద ఫోను నిలబెట్టి, వెనకాల తలుపుకు మంచి దుప్పటి వేలాడదీసి కూర్చున్నాను. సరిగ్గా 'మీ గురించి చెప్పండి' అనేసరికి పక్కింటి కుక్కర్ విజిల్ వేసింది. అవతలాయన నవ్వాడు. పిల్లలెందరు, చిన్నవాడు ఏ క్లాసు, మీ వారు ఒప్పుకున్నారా, చుట్టాలొస్తే సెలవు పెడతారా, అన్నీ అడిగాడు. జర్నల్ ఎంట్రీ ఎలా వేస్తారని మాత్రం అడగలేదు. చివరికి అన్నాడు కదా, "మరి ఆ పదమూడేళ్లూ ఎక్కడున్నారు? ఏం చేశారు?"

"ఏమీ చేయలేదండీ. ఇంట్లో ఖాళీగానే ఉన్నాను."

ఆ మాటన్నది నేనే. ఆయన అనిపించలేదు. ఫోను పెట్టేశాక గిన్నెలు తోముతూ లెక్క వేసుకున్నాను. వీపు పుండ్లు పడకుండా అత్తగారిని రెండేసి గంటలకోసారి పక్కకు తిప్పడం, రాత్రయినా సరే. ఏడు రకాల మందులు, వేళకు. మామగారి పెన్షనుకు ఏటా లైఫ్ సర్టిఫికెట్టు. ఇంటిపన్ను, ఇద్దరు పిల్లల ఫీజులు, చీటీపాట, ఆస్పత్రి బిల్లులకు ఇన్సూరెన్సు వాళ్లతో తగాదా. ఒకసారి వాళ్లు కోసేసిన పదకొండు వేలు, కాగితాలు పెట్టి మూడు నెలలు తిరిగి రాబట్టాను. ఇదంతా ఖాళీయా? మన దేశంలో ఎవరు ఏ పనికి ఎంత కాలం వెచ్చిస్తున్నారో కేంద్ర ప్రభుత్వం 2024లో లెక్క తీసింది. జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు పెడుతున్నారు. ఆ పని చేసే మగవాళ్లు పెడుతున్నది 88 నిమిషాలు. అయిదేళ్ల ముందు, 2019లో ఇవే లెక్కలు 299, 97. అంటే మనకు పది నిమిషాలు తగ్గితే, వాళ్లకూ తొమ్మిది తగ్గాయి! ఈ లెక్క చూసి మా వారు, "నేను 88 కంటే ఎక్కువే చేస్తాను" అన్నారు. బజారుకు వెళ్లి కబుర్లు చెప్పి వచ్చే టైము కూడా కలుపుకున్నారు.

ఆడవాళ్లను ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడు అడిగే ప్రశ్నల గురించి ఒక పాత సంగతి చెప్పాలి. ఒకావిడకు బీమా రంగంలో పెద్ద సంస్థలో ఉద్యోగం వచ్చింది. చేరే ముందు ఒక డిక్లరేషను ఫారం ఇచ్చారు. నెలసరి సరిగ్గా వస్తుందా, కిందటిసారి ఎప్పుడొచ్చింది, ఎన్నిసార్లు గర్భం వచ్చింది, ఇవీ అందులోని గళ్లు. ఆవిడ నింపింది. తర్వాత ప్రసూతి సెలవు అడిగితే, ఫారంలో తేదీ తప్పు రాశావని ప్రొబేషనులో ఉండగానే తీసేశారు. ఆవిడ ఊరుకోలేదు. సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1991లో కోర్టు ఆమెను తిరిగి ఉద్యోగంలోకి తీసుకోమంది. అలాంటి ప్రశ్నలు ఆడదాని మర్యాదకు భంగమనీ, ఆ గళ్లు తీసేయాలనీ చెప్పింది. మూడు పదులు దాటిపోయింది. ఫారంలో గళ్లు పోయాయి గాని, నోటితో అడిగే గళ్లు ఎక్కడికీ పోలేదు. మా మేనకోడలికి పెళ్లి కుదిరిన సంగతి తెలిసి, "పెళ్లయ్యాక ఎన్నాళ్లుంటారు?" అని ఒకచోట అడిగారట. 2017లో చట్టం సవరించి ప్రసూతి సెలవు 26 వారాలు చేసినప్పుడు మనందరం సంతోషించాం. ఆ ఖర్చు తమ నెత్తిన పడుతుందని పైకి చెప్పకుండా పెళ్లీడు పిల్లల్ని పక్కన పెట్టే యజమానులూ ఉన్నారు. అక్కడా మౌనమే. ఎందుకు తీసుకోలేదో చెప్పరు కదా!

ఇలా లాభం లేదని, మూడు నెలలు అమీర్‌పేటలో కోచింగుకు వెళ్లాను. ఆ సందుల్లో ఎటు చూసినా కోర్సుల బోర్డులే, చేతిలో కరపత్రాలు పెట్టే కుర్రాళ్లే. నేను ఉద్యోగం మానేనాటికి వ్యాట్ ఉండేది. 2017 జూలై ఒకటి నుంచి జీఎస్టీ వచ్చింది. పదకొండంకెల టిన్ పోయి పదిహేను అక్షరాల నంబరు వచ్చింది. పుట్టింటికి వెళ్తే గదులన్నీ మార్చేసినట్టుంది నాకు. క్లాసులో అందరూ మా అమ్మాయి ఈడువాళ్లు. వెనక బెంచీలో కూర్చుని రాసుకునేదాన్ని. వాళ్లకు లేని సుఖం ఒకటి నాకుంది. డెబిట్ ఏది, క్రెడిట్ ఏది అన్నది ఎన్ని గదులు మార్చినా మారలేదు.

చివరికి ఉద్యోగం వచ్చింది ఆ అరవై ఒక్క దరఖాస్తుల వల్ల కాదు. పాత ఆఫీసులో నాతో పనిచేసిన ఒకావిడ బస్సులో కనబడి, తమకు తెలిసినచోట మనిషి కావాలని చెప్పింది. 2024 ఫిబ్రవరిలో చేరాను. నెలకు పద్దెనిమిది వేలు. నలభై మంది పనిచేసే ఆఫీసు. అప్పటికి రెండు నెలల క్రితమే, 2023 డిసెంబరులో, తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం చేశారు. కండక్టరుకు ఆధార్ చూపించి జీరో టికెట్టు పుచ్చుకుని, మల్కాజిగిరిలో ఒంటికాలి మీద నిలబడి మొదటిరోజు ఆఫీసుకు వెళ్లాను. మొదటి జీతంతో ఏం కొన్నావని అందరూ అడిగారు. బస్సు ఖర్చు మిగిలింది గదా అని మంచి చెప్పులు కొన్నాను, నిలబడి వెళ్లాలి కాబట్టి.

మా మేనేజరుకు ఇరవై ఎనిమిదేళ్లు. మొదటి రోజే నన్ను 'ఆంటీ' అన్నాడు. మగవాళ్లలో నా ఈడు ఆయనొకరున్నారు, ఆయన్ని 'సార్' అంటాడు. ఆంటీ అంటే ప్రేమే కావచ్చు, కానీ ఆ పిలుపుతో పాటు కొన్ని పనులు కూడా వచ్చి ఒళ్లో పడతాయి. ఎవరి పుట్టినరోజుకైనా కేకు చెప్పాల్సింది ఆంటీ. టీ కుర్రాడు రాకపోతే చూడాల్సింది ఆంటీ. ఆఫీసు వాట్సాప్ గ్రూపు రాత్రి పదింటికి కూడా టింగుమంటుంది. 'చూశారా' అని అడగడు, చూసినట్టు నీలం గీతలు పడ్డాయో లేదో చూస్తాడు. ప్రతి నెలా పదకొండో తారీఖు ఒక గండం, ఇరవయ్యో తారీఖు మరో గండం. అవి జీఎస్టీ లెక్కలు దాఖలు చేసే గడువులు. దేశంలో వ్యాపారస్థులందరూ ఆ ఇరవయ్యో తారీఖునే గుర్తొచ్చినట్టు మీదపడతారు. తెరమీద చక్రం తిరుగుతూ కూర్చుంటుంది. మా బాబుకి జ్వరం వచ్చింది కూడా ఇరవయ్యో తారీఖే. సెలవు అడిగితే మా మేనేజరు కాదనలేదు, ఔననలేదు. ఫోను చూసుకుంటూ, "మీ ఇష్టం ఆంటీ" అన్నాడు. ఆ 'మీ ఇష్టం' ఎలాంటిదో ఇల్లాళ్లకు నేను విడమరచి చెప్పాలా? రిటర్ను పంపించి రాత్రి తొమ్మిదింటికి ఇల్లు చేరేసరికి మా వారు వాడి నుదుటి మీద తడిగుడ్డ వేస్తున్నారు. ఆయన పద్దులో ఆ రాత్రి నేనే నిమిషాలు జమ వేశాను.

కుర్రవాడు చెడ్డవాడు కాదు, ఆ మాట చెప్పాలి. నాకు తెలియని ఎక్సెల్ కిటుకులన్నీ విసుక్కోకుండా నేర్పింది అతనే. అతని మీదా పైవాడు ఉన్నాడు. అతనికీ రాత్రి పదింటికి టింగుమంటుంది.

అన్నట్టు, ఆడపిల్లల్ని ఉద్యోగాలకు పంపే తల్లులు ఒక్కటి గుర్తు పెట్టుకోండి. పదిమంది, అంతకు మించి పనిచేసే ఆఫీసు ఏదైనా సరే, ఆడవాళ్ల మీద లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినడానికి లోపల ఒక కమిటీ ఉండాలి, దానికి ఆడవాళ్లే అధ్యక్షత వహించాలి. 2013 నాటి చట్టం ఇది. చేరిన వారంలోనే ఆ కమిటీలో ఎవరున్నారో కనుక్కోమని చెప్పండి. అవసరం పడ్డాక వెతుక్కునే పని పెట్టుకోవద్దు.

ఇక నా పొరపాటు సంగతి. 2025 వేసవిలో మా దగ్గర అకౌంట్స్ అసిస్టెంటు పోస్టుకు ప్రకటన ఇచ్చారు. యాభై ఎనిమిది దరఖాస్తులు వచ్చాయి. మేనేజరు అవన్నీ అచ్చు తీయించి నా బల్ల మీద పెట్టి, "సాయంత్రానికల్లా ఓ పది తీసివ్వండి ఆంటీ" అన్నాడు. నా సొంత పని నాకుండనే ఉంది. గబగబా తిరగేశాను. పనికొచ్చేవి ఇటు, రానివి అటు. ఒక్కో కాగితానికి అరనిమిషం పట్టిందో లేదో. టీ వేళకి అయిపోయింది. రానివాటిని ఒక దారంతో కట్టబోతుంటే పైనున్న కాగితం మీద 'మల్కాజిగిరి' అని కనబడింది. మా పేటే కదా, ఎవరా అని చదివాను. బి.కాం. ఆరేళ్ల అనుభవం. ఆ కింద, '2015 నుంచి 2024 వరకు గృహిణి.'

కట్ట విప్పి మళ్లీ చూశాను. అలాంటివి అందులో అయిదున్నాయి. అయిదింటినీ నేనే అటు వేశాను. వేస్తున్నట్టు నాకు తెలియను కూడా తెలియలేదు. తేదీల మధ్య సందు కనబడింది, చెయ్యి దానంతటదే అటు పోయింది. నన్ను అడిగినాయన కనీసం ఎక్కడున్నారని అడిగాడు. నేను అదీ అడగలేదు.

అయిదూ మళ్లీ నిదానంగా చదివాను. పోస్టుకు సరిపోయేది ఆ మల్కాజిగిరి ఆవిడదొక్కటే. పదికి ఇది చేర్చి పదకొండు కాగితాలు పట్టుకెళితే, "పదే కదా అన్నాను" అన్నాడు. "ఉండనివ్వండి సార్" అన్నాను. ఇంటర్వ్యూకి పిలిచారు. బ్యాంకు లెక్కకూ మన పుస్తకానికీ ఉన్న తేడా పట్టుకోమని ఒక పరీక్ష పెడితే, అందరికంటే ముందు పట్టుకుంది ఆవిడే. జీఎస్టీ మాత్రం బొత్తిగా రాదు. ఇరవై నాలుగేళ్ల కుర్రాణ్ణి తీసుకున్నారు. అతనికి వచ్చు. అతని ఇంట్లోనూ పొయ్యి వెలగాలి, కాదనలేను.

మిగిలిన పదిమందికి చెబుదామా అని అడిగితే, "అలా ఎవరు చెబుతారు ఆంటీ, వాళ్లకే అర్థమవుతుంది" అన్నాడు మేనేజరు. మధ్యాహ్నం అన్నం వేళలో నా ఫోను నుంచే చేశాను. తొమ్మిదిమందికి ఒక్కరోజులో చెప్పేశాను. కొందరు థాంక్స్ అన్నారు, ఒకతను విసుక్కుని పెట్టేశాడు. ఆవిడకు చేయడానికి మాత్రం నాకు రెండు రోజులు పట్టింది. ఏమని చెప్పాలో తోచలేదు. మూడోనాడు చేశాను. "ఒక్క నిమిషమండీ, పొయ్యి కట్టేసి వస్తాను" అంది. వచ్చాక చెప్పాను. ఫలానా కారణం వల్ల తీసుకోలేదు, ఆ బ్యాంకు లెక్క మాత్రం మీరే బాగా చేశారు అన్నాను.

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఎనిమిది నెలల నుంచి తిరుగుతున్నానండీ. రాలేదని ఫోను చేసి చెప్పింది మీరొక్కరే" అంది. మళ్లీ తనే, "ఆ జీఎస్టీ ఎక్కడ నేర్పుతారండీ?" అని అడిగింది.

అమీర్‌పేట పేరు చెప్పబోయి ఫీజు గుర్తొచ్చి ఆగిపోయాను. ఆదివారాలు మధ్యాహ్నం మా ఇంటికి వస్తోంది. మా అమ్మాయి లాప్‌టాప్ భోజనాల బల్ల మీద పెట్టుకుని కూర్చుంటున్నాం. ఆ రెండు గంటలూ గిన్నెల పని మా వారిది. ఇప్పటికి ఈ-వే బిల్లు దాకా వచ్చాం. ఆవిడ రేపు బుధవారం మరోచోట ఇంటర్వ్యూకి వెళుతోంది.